ఆ వారం మీ ఇద్దరిదే!

పిల్లల చదువులకు, పెళ్లిళ్లకు, పొలం పెట్టుబడికి ఏటా లెక్క రాసుకునే ఇంట్లో భార్యాభర్తల కోసం ఒక్క పద్దు కూడా కనపడదు. పాతికేళ్ల కాపురం దాటిన జంటలు ఏడు రోజులు ఇల్లూ పొలం వదిలి ఏదైనా దీవికి వెళ్లి రావడం ఎందుకు అవసరం? ఎక్కడికి వెళ్లొచ్చు? ఏం చూసుకోవాలి? ముదిగొండ నుంచి మాల్దీవుల దాకా ఈ వారం ముఖచిత్ర కథనం...

‘నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయి.’ ఏటా మే మూడో వారం ప్రాంతంలో ఈ కబురు వినగానే ఖమ్మం జిల్లా ముదిగొండలో పత్తి విత్తనాల ముచ్చట మొదలవుతుంది. అక్కడ పడ్డ వాన కేరళ మీదుగా మన చేలకు చేరడానికి మరో మూడు వారాలు పడుతుంది కాబట్టి, ఇక్కడి రైతుకు అండమాన్ అంటే ముందుగా వాన గుర్తొస్తుంది. అవే దీవులు ఇప్పుడు ట్రావెల్ ఏజెన్సీల ప్రకటనల్లో జంటల ప్యాకేజీలుగా కనపడుతున్నాయి. ఫొటోల్లో ఉండేది కొత్తగా పెళ్లయినవాళ్లే. కానీ ఆ సెలవు ఎక్కువ అవసరమైంది వాళ్ల అమ్మానాన్నలకు.

పక్కపక్కనే ఉన్నా...

మిర్చి వేసే ఇంట్లో ఏడాదెలా గడుస్తుందో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తొలకరికి పత్తి, ఆ వెంటే మిర్చి నారు. నాటేశాక కలుపు, ఎరువు, తామర పురుగుకు మందు. సంక్రాంతి దాటితే కాయ కోత. కల్లంలో ఆరబోసి, తాలు ఏరి, బస్తాలకెత్తి ఖమ్మం మార్కెట్‌కు తోలితే, ఆ రోజు జెండా పాట ఎంత పలికిందన్నదాని మీద ఇంటి ఏడాది ఆధారపడుతుంది. ఇంత పనిలోనూ భార్యాభర్తలు ఒకే చేనులో, ఒకే కల్లంలో పక్కపక్కనే ఉంటారు. మాటలు మాత్రం కూలీల గురించి, మందుల గురించి, వడ్డీల గురించి, పిల్లల ఫీజుల గురించే.

ఇల్లు దాటి వెళ్లడం మనకు తెలియనిదేమీ కాదు. భక్త రామదాసు పుట్టిన నేలకొండపల్లి పక్క మండలమే. శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లి సీతారాముల కల్యాణం చూసి రావడం ఈ ప్రాంతంలో ఆనవాయితీ. తిరుపతి, కాశీ కూడా వెళ్తాం. అయితే అవన్నీ బంధుబలగంతో చేసే ప్రయాణాలు, మొక్కు తీర్చుకునే ప్రయాణాలు. అక్కడా పులిహోర కలిపేది, మనవడి బట్టలు సర్దేది, అత్తగారి మందులు గుర్తుపెట్టుకునేది ఇంటి ఇల్లాలే. ఊరు మారుతుంది గానీ ఆమె పని మారదు.

జాతీయ గణాంక కార్యాలయం 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు జీతం లేని ఆ పని మీద రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపని చేసే మగవాళ్లు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఆడవాళ్ల లెక్క 299. అంటే ఐదేళ్లలో తగ్గింది పది నిమిషాలే. వారానికి లెక్కేస్తే ఆమెకు దాదాపు 34 గంటలు వంటకు, అంట్లకు, ఊడ్పులకు, ఉతుకులకు పోతున్నాయి. పొలం పని దీనికి అదనం. గది, భోజనం అన్నీ ఒకే ధరలో కలిపిన సెలవు ఆ 34 గంటల్ని ఆమె చేతికి తిరిగి ఇస్తుంది. దాన్ని విలాసమని కొట్టిపారేయడం న్యాయం కాదు.

వారమే ఎందుకు?

రెండు రోజులు వెళ్లొస్తే చాలదా అని అడిగేవాళ్లుంటారు. చాలదు. మొదటి రోజు తెల్లవారుజామునే ఆవిడకు అలవాటుగా మెలకువ వచ్చేస్తుంది. పొయ్యి వెలిగించే పని లేదు, పాలు పిండే పని లేదు. ఏం చేయాలో తోచక మంచం మీద అలాగే కూర్చుంటుంది. టిఫిన్ హాలుకు వెళ్లాక ముందు ఆయన ప్లేటు అందుకుని ఇడ్లీలు పెట్టి, చట్నీ వేసి, మంచినీళ్లు తెచ్చిచ్చి, ఆ తర్వాతే తను కూర్చుంటుంది. తిన్నాక ఎంగిలి ప్లేట్లు ఎత్తబోతే, అక్కడ పనిచేసే కుర్రాడు పరుగున వచ్చి అందుకుంటాడు. ఆమెకు మొహమాటం.

ఆ చేయి ఆగడానికి రెండు మూడు రోజులు పడుతుంది. నాలుగో రోజుకు తనకు ఏది తినాలనిపిస్తుందో చూసుకోవడం మొదలుపెడుతుంది. ఆయనా అంతే. మొదట్లో గంటకోసారి ఫోన్ తీసి మార్కెట్ ధరలు చూస్తాడు, పాలేరుకు ఫోన్ చేస్తాడు. నాలుగో రోజుకు కాఫీ తెచ్చుకునేటప్పుడు రెండు కప్పులు తెస్తాడు. సాయంత్రం ఒడ్డున కూర్చున్నప్పుడు పిల్లల గురించి చెప్పుకోవాల్సినవన్నీ అయిపోయాక అసలు మాటలు మొదలవుతాయి. ఎప్పుడో పెళ్లిచూపుల నాడు అడగలేకపోయినవి, మధ్యలో మనసు కష్టపెట్టుకుని దాచుకున్నవి. వారం కావాల్సింది వాటి కోసం.

పర్సు తీయని పద్ధతి

రానుపోను రవాణా, గది, భోజనం, ఆటపాటలు అన్నీ ఒకే ధరలో కలిపే పద్ధతికి డెబ్భై ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది. జెరార్డ్ బ్లిట్జ్ 1950లో స్పెయిన్‌కు చెందిన మజోర్కా దీవిలో గుడారాలు వేసి క్లబ్ మెడిటరేనీ విడిదిని మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నలిగిపోయిన యూరప్ జనానికి తక్కువ ఖర్చులో ఎండ, సముద్రం, కడుపునిండా తిండి దొరకాలన్నది ఆ ప్రయత్నం. ఆ విడిదుల్లో చాలాకాలం పానీయాలకు డబ్బు బదులు మెడలో వేసుకున్న పూసలు తీసి ఇచ్చేవాళ్లు. 1981లో జమైకాలోని మాంటెగో బేలో బుచ్ స్టీవర్ట్ శాండల్స్ రిసార్ట్‌ను తెరిచాడు. జంటల కోసమే నడిచే ఆల్ ఇన్‌క్లూజివ్ విడిదులకు ఆ పేరు ప్రపంచమంతా తెలిసింది.

ఈ పద్ధతిలో అసలు సుఖం డబ్బు మాట మధ్యలో రాకపోవడం. మెనూలో కుడివైపు అంకెలు చూసి ‘నాకు ఆకలి లేదులే’ అనే అమ్మలు మన ఇళ్లల్లో కోకొల్లలు. ముందే కట్టేసినప్పుడు ఆ మాట అనాల్సిన అవసరం ఉండదు. అయితే ఇలాంటి చోట్ల ఖర్చంతా రిసార్ట్ గేటు లోపలే ఆగిపోతుంది, బయట చిన్న కొట్టువాడికి ఏమీ దక్కదు. కాబట్టి వీలున్నచోట ఒక పూట బయటికెళ్లి ఆ ఊరి చేపల కూర తిని, ఆ ఊరి కొబ్బరిబొండం తాగి రావడం ధర్మం.

మాల్దీవులు: లెక్క తెలిసి వెళ్లాలి

దాదాపు 1,200 చిన్న దీవుల దేశం మాల్దీవులు. వాటిలో జనం కాపురముండేవి 200 లోపే. 1972లో కురుంబా పేరుతో మొదటి రిసార్ట్ తెరిచారు. ఒక దీవిలో ఒకే రిసార్ట్ ఉండటం అక్కడి ప్రత్యేకత. భారతీయులకు అక్కడ దిగాక ఉచితంగా వీసా ఇస్తారు. పాస్‌పోర్ట్, తిరుగు టికెట్, బస వివరాలు చేతిలో ఉండాలి. ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలి.

ప్రకటనలో కనపడే ధరతో ఖర్చు ఆగదు. సర్వీస్ ఛార్జి, పర్యాటక పన్ను, మనిషికి రోజుకింత చొప్పున గ్రీన్ టాక్స్ కలిశాయో లేదో ముందే అడగాలి. మాలే విమానాశ్రయం నుంచి దూరపు దీవులకు స్పీడ్ బోటో, నీటి మీద దిగే విమానమో ఎక్కాలి. ఆ ఛార్జీ చాలా ప్యాకేజీల్లో విడిగా ఉంటుంది. నీటి విమానాలు పగలే ఎగురుతాయి. సాయంత్రం పొద్దుపోయాక మాలేలో దిగితే ఆ రాత్రి అక్కడే గది తీసుకోవాల్సి వస్తుంది. మద్యం అలవాటు లేనివాళ్లు ఆల్ ఇన్‌క్లూజివ్ బదులు మూడు పూటల భోజనం ఉండే ఫుల్ బోర్డ్ అడిగితే ఖర్చు తగ్గుతుంది.

మనవాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి ఉంది. పూజ చేసుకునే విగ్రహాలను ఆ దేశంలోకి తీసుకెళ్లనివ్వరు. సంచిలో చిన్న వేంకటేశ్వరస్వామి విగ్రహం పెట్టుకునే అలవాటున్న పెద్దలు దాన్ని ఇంట్లోనే ఉంచి వెళ్లాలి. మద్యం సీసాలూ పట్టుకెళ్లకూడదు. మరో విషయం, విదేశీ ప్యాకేజీ కొన్నప్పుడు టీసీఎస్ అనే పన్ను ముందే వసూలు చేస్తారు. అది పాన్ నంబరు మీద జమవుతుంది కాబట్టి ఆదాయపు పన్ను రిటర్న్ వేసి సర్దుబాటు చేసుకోవచ్చు. రసీదు దాచుకోవాలి.

అండమాన్: మన మాట వినపడే దీవి

పాస్‌పోర్ట్ లేని జంటలకు, భాష తెలియదని బెంగపడేవాళ్లకు అండమాన్ హాయి. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఆటో దగ్గరో, చేపల అంగడి దగ్గరో తెలుగు వినపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని కేంద్రం పేరు మార్చింది. అంతకుముందు 2018 డిసెంబరులో హేవ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ దీవి షహీద్ ద్వీప్‌గా మారాయి. టికెట్ల మీద పాత పేరో కొత్త పేరో ఉంటే కంగారు పడకండి. మొదటి రోజు శ్రీ విజయపురం, తర్వాత మూడు రోజులు స్వరాజ్ ద్వీప్, ఒక రోజు షహీద్ ద్వీప్, చివరికి మళ్లీ శ్రీ విజయపురం. ఇలా వేసుకుంటే వారం పరుగు లేకుండా సాగుతుంది. వాతావరణం బాగోకపోతే దీవుల మధ్య ఫెర్రీలు ఆపేస్తారు. అందుకే విమానం ఎక్కే ముందు రాత్రి శ్రీ విజయపురంలోనే ఉండటం క్షేమం.

స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దక్కింది. ఈత రానివాళ్లకు అద్దాల అడుగున్న పడవలుంటాయి. వాటిలోంచి పగడపు దిబ్బలు చూడొచ్చు. పగడపు ముక్క ఒక్కటి కూడా ఏరి సంచిలో వేసుకోకూడదు. వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం.

సెల్యులార్ జైలు చూడకుండా రావద్దు. 1906లో పూర్తయిన ఆ జైలున్న గడ్డకే, 1922-24 నాటి రంపా పితూరీలో పట్టుబడ్డ మన్యం మనుషుల్ని కొందరిని పంపారు. వాళ్లు అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్లు. భద్రాచలం దాటితే మొదలయ్యే అడవుల కథలో ఒక ముక్క ఆ దీవిలో ఉంది. మన ప్రాంతం నుంచి వెళ్లిన జంట అక్కడ కాసేపు నిలబడి రావడం బాగుంటుంది.

అండమాన్ హోటళ్లలో అన్నీ కలిపిన ధరలు తక్కువచోట్లే దొరుకుతాయి. బుక్ చేసేటప్పుడు మూడు పొడి అక్షరాలు తెలిస్తే చాలు. సీపీ అంటే గది, టిఫిన్. ఎంఏపీ అంటే టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం. ఏపీ అంటే మూడు పూటలా భోజనం. ఇల్లాలికి నిజంగా సెలవు కావాలంటే మూడోది అడగండి. ఇక కాలం విషయానికొస్తే, మిర్చి అమ్ముకున్నాక మార్చి, ఏప్రిల్ నెలలు మనకూ తీరికే, అక్కడా సముద్రం నిమ్మళంగా ఉండే రోజులే. మే మూడో వారం దాటితే రుతుపవనాల ఉధృతి.

విమానం వద్దనుకుంటే

గోదావరి మీద మనకో విడిది ఉంది. భద్రాచలం నుంచి కూనవరం, వీఆర్ పురం మీదుగా పోచవరం వెళ్లి లాంచీ ఎక్కితే, పేరంటాలపల్లి శివాలయం చూసుకుని పాపికొండల నడుమకు చేరుకోవచ్చు. అక్కడ కొల్లూరు ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెల్లో రాత్రి బస, భోజనం కలిపిన ప్యాకేజీలకు ఈ ప్రాంతంలో ఎప్పటినుంచో పేరుంది. 2014లో ఈ పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పోలవరం నీళ్లు ఈ తీరాన్ని మారుస్తున్నాయి కాబట్టి నీటిమట్టం, లాంచీల అనుమతులు కనుక్కున్నాకే బయల్దేరాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. లైఫ్ జాకెట్ ఇవ్వని లాంచీ ఎక్కకండి, ఇచ్చాక ఒడ్డు చేరేదాకా విప్పకండి. గోదావరి వద్దనుకుంటే ములుగు జిల్లాలో కాకతీయుల నాటి లక్నవరం చెరువు మధ్య దీవుల్లో కాటేజీలున్నాయి. సముద్రం దాకా పోలేని జంటకు అక్కడ రెండు మూడు రోజులైనా మేలే.

పిల్లలు చేయాల్సిన పని

ఇంతా చెప్పాక ముదిగొండ లాంటి ఊళ్లలో ఎదురయ్యే అసలు అడ్డంకి డబ్బు కాదు. గొడ్లకు మేత ఎవరు వేస్తారు? బర్రె పాలు ఎవరు పిండుతారు? మంచాన ఉన్న ముసలాయనకు మాత్రలు ఎవరిస్తారు? ఈ మూడు ప్రశ్నల దగ్గరే చాలా ప్రయాణాలు ఆగిపోతాయి. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకులు, కూతుళ్లు పెళ్లిరోజుకు టికెట్లు బుక్ చేసి పంపిస్తారు. ప్రేమతోనే పంపిస్తారు. కానీ ఆ టికెట్ చూసి అమ్మ మొదట అనే మాట, ‘ఇల్లెవరు చూస్తారు నాయనా?’ అని.

ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వాల్సింది పిల్లలే. రిసార్ట్‌లో అన్నీ కలపడం తేలిక, డబ్బు కడితే అయిపోతుంది. ఇంటి దగ్గర అన్నీ చూసుకోవడానికి మనిషి కావాలి. కాబట్టి టికెట్‌తో పాటు మీరూ వారం సెలవు పెట్టండి. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగమైతే లాప్‌టాప్ తెచ్చుకుని ఊళ్లోనే కూర్చోండి. తాతయ్యకు మాత్రలివ్వండి, పాలు పిండే మనిషిని మాట్లాడిపెట్టండి, కోళ్లను గూట్లో వేయండి. అమ్మానాన్నలను ఆ వారం రోజులూ ‘ఉప్పు డబ్బా ఎక్కడుంది’ అని ఫోన్ చేసి అడగకండి.

అక్కాబావలు, అన్నావదినలు కూడా ఒకరి ఇంటికి ఒకరు కాపలా ఉండొచ్చు. ఈ వేసవికి మీరు వెళ్లండి, మీ గొడ్లు మేం చూస్తాం. వచ్చే ఏడు మేం వెళ్తాం, మా ఇల్లు మీరు చూడండి. నాట్లకు, కోతలకు బదులు పనికి పోయే సంప్రదాయం మన పల్లెలకుంది. సెలవుకు మాత్రం ఎందుకు ఉండకూడదు? మిర్చి డబ్బు చేతికొచ్చిన రోజే, అది అప్పులకూ విత్తనాలకూ చెదిరిపోకముందే, తేదీలు రాసుకుని ఇల్లు ఎవరు చూస్తారో ఖాయం చేసుకోండి. దీవి ఏదన్నది ఆ తర్వాత మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవచ్చు.