శీతలీకరణ ద్రవంలో గ్లైకాల్ గాఢత: పరీక్షా పద్ధతులు, పరిమితులు

1. ఉపోద్ఘాతం

ఇంజిన్‌లో పుట్టే వేడిని రేడియేటర్‌కు చేరవేసే ద్రవాన్ని వాడుకలో కూలెంట్ అంటారు. నీరు గడ్డకట్టేటప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఇంజిన్ బ్లాక్ సైతం పగలవచ్చు. దీని నివారణకు నీటిలో ఇథిలీన్ గ్లైకాల్‌ను గాని ప్రొపిలీన్ గ్లైకాల్‌ను గాని కలుపుతారు. మిశ్రమంలో గ్లైకాల్ పాలు ఎంతో నిర్ణయించడమే గాఢతా పరీక్ష. మైదాన ప్రాంతపు వాహనం లడఖ్ వంటి శీతల ప్రాంతానికి వెళ్లేటప్పుడు ఈ పరీక్ష తప్పనిసరి.

2. గాఢతకు, ఘనీభవన స్థానానికి గల సంబంధం

గ్లైకాల్ పెరిగేకొద్దీ రక్షణ పెరుగుతుందనే భావన కొంతమేరకే నిజం. సమపాళ్లలో నీరు కలిసిన ఇథిలీన్ గ్లైకాల్ సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ వరకు గడ్డకట్టదు. శుద్ధ ఇథిలీన్ గ్లైకాల్ మాత్రం మైనస్ 13 డిగ్రీల వద్దనే ఘనీభవిస్తుంది. పైగా గ్లైకాల్ విశిష్టోష్ణం నీటికంటే తక్కువ. కాబట్టి గాఢత మితిమీరితే వేడిని మోసుకుపోయే సామర్థ్యం తగ్గుతుంది. తెలుగు ప్రాంతాల వేసవిలో ఈ అంశమే ముఖ్యం.

3. పరీక్షా సాధనాలు

3.1 హైడ్రోమీటర్: ఇది సాంద్రతను కొలుస్తుంది. నీటితో పోల్చినప్పుడు ఇథిలీన్ గ్లైకాల్ సాంద్రత సుమారు 1.11 రెట్లు, ప్రొపిలీన్ గ్లైకాల్ సాంద్రత 1.04 రెట్లు మాత్రమే. అందువల్ల ఇథిలీన్ గ్లైకాల్‌కు ఉద్దేశించిన హైడ్రోమీటర్ ప్రొపిలీన్ మిశ్రమాన్ని ఉన్నదానికంటే పలుచనిదిగా చూపుతుంది. దానిని నమ్మి మరింత గ్లైకాల్ పోస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. అంతేకాక, ప్రొపిలీన్ మిశ్రమపు సాంద్రత సుమారు 70 శాతం గాఢత వద్ద గరిష్ఠానికి చేరి, ఆపై తగ్గుతుంది. ఫలితంగా ఒకే కొలత రెండు వేర్వేరు గాఢతలను సూచించవచ్చు.

3.2 రిఫ్రాక్టోమీటర్: ఇది వక్రీభవన గుణకాన్ని కొలుస్తుంది. ఆ విలువ నీటికి 1.33, రెండు గ్లైకాల్‌లకు సుమారు 1.43. గాఢతతో పాటు ఇది క్రమంగా పెరుగుతుంది కనుక పై సందిగ్ధత తలెత్తదు. రెండు మూడు చుక్కల నమూనా చాలు. అయితే ఘనీభవన స్థానాన్ని ఆయా గ్లైకాల్‌కు కేటాయించిన కొలమానంపైనే చదవాలి.

4. పరీక్షా క్రమం

ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాతనే రేడియేటర్ మూత తీయాలి. ముందుగా స్వేదనజలంతో రిఫ్రాక్టోమీటర్ సున్నా స్థానాన్ని సరిచూడాలి. హైడ్రోమీటర్ వాడితే ద్రవపు ఉష్ణోగ్రతకు తగిన సవరణ చేయాలి. ఇథిలీన్ గ్లైకాల్ విషపదార్థం కనుక నమూనాను నేలపై పారబోయరాదు.

5. ఉపసంహారం

ఈ రెండు సాధనాలూ గ్లైకాల్ పాలును మాత్రమే తెలుపుతాయి. లోహాలను తుప్పు నుండి కాపాడే రసాయనాలు ఏళ్ల తరబడి వాడకంలో క్షీణించినా గ్లైకాల్ గాఢత మారకపోవచ్చు. కాబట్టి గాఢతా పరీక్ష కూలెంట్ గడ్డకట్టదని హామీ ఇవ్వగలదే గాని, అది ఇంకా వాడదగినదని నిర్ధారించలేదు.