రక్షణ – బాప్తిస్మము : తెలుగు క్రైస్తవ పరిభాషాపరిశీలనము

తెలుగున క్రైస్తవ వాఙ్మయమును పరిశీలింపబూనిన వారికి మొదట తటస్థించు చిక్కు పదములను గూర్చినది. ఒకే సంస్కారమును రోమను కతోలికులు 'జ్ఞానస్నాన'మనియు, ప్రొటెస్టంటులు 'బాప్తిస్మ'మనియు వ్యవహరింతురు. ఇది అలవాటులోని భేదమేయని తోచవచ్చును. కాని మనుజుడు రక్షణమును పొందుటలో ఆ నీటికి గల పాలెంత యను ప్రాచీన వివాద మీ పదముల వెనుక నున్నదని మా యభిప్రాయము. దాని నెఱుగక యీ గ్రంథములకు అర్థము చెప్పుట కష్టము.

మొదట 'రక్షణ' యను మాటను చూతము. మోక్షము, ముక్తి యనునవి విడుదలను తెలుపును. జన్మపరంపరనుండి విడివడుట యని మన దర్శనములందలి యర్థము. బైబిలు అనువాదములలో స్థిరపడిన 'రక్షణ' అట్టిది కాదు. రక్షించు ధాతువు సకర్మకము. రక్షించువాడు వేఱు, రక్షణ పొందువాడు వేఱు. మార్కు సువార్త 16వ అధ్యాయము 16వ వచనమున గ్రీకు క్రియ కర్మణి రూపమున నున్నది. తెలుగువారు దానిని 'రక్షింపబడు' అని యనువదించిరి. కర్మణి ప్రయోగము మన వాడుకకు అంతగా సహజము కాదు. అందుచే నిది కృతకమని కొందఱందురు. కాని కర్తృత్వమంతయు దేవునిదే, మనుజుడు కర్మమాత్రము అను సిద్ధాంతమును ఒక్క క్రియారూపమున నింతకంటె సూటిగా చెప్పుట యెట్లు? దీనిని దోషమనుటకు మాకు మనసొప్పదు.

కర్త దేవుడే యైనచో నీరేల? క్రొత్త నిబంధనయందే రెండు పోకడలు కలవు. యోహాను 3:5, అపొస్తలుల కార్యములు 2:38, మొదటి పేతురు 3:21 నీటిని రక్షణతో ముడివేయును. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 2:8 రక్షణ కృపచేత, విశ్వాసము ద్వారా కలుగునని చెప్పును. సిలువపై క్రీస్తు ప్రక్కనున్న దొంగకు బాప్తిస్మము లేకయే పరదైసు వాగ్దానము లభించెను. కొర్నేలీ యింట ఆత్మ ముందు దిగెను, నీరు తరువాత వచ్చెను. 1547లో ట్రెంటు సభ బాప్తిస్మము రక్షణకు ఆవశ్యకమని శాసించెను. అయినను దానిని కోరుటయు చాలునను వెసులుబాటు నుంచెను. లూథరు శిశువుల బాప్తిస్మమును నిలుపుకొని, నీటితో కూడిన దైవవాక్యమునందు బలమును చూపెను. 1525లో జూరిచ్ నగరమున కొందఱు విశ్వాసము ముందు, నీరు తరువాత అని పట్టుబట్టి పెద్దలకు తిరిగి బాప్తిస్మ మిచ్చిరి. వారిలో ఫెలిక్స్ మాంజును 1527లో లిమ్మట్ నదిలో ముంచి చంపిరి. నీటిని గూర్చిన వాదమునకు నీటనే శిక్ష!

ఇక బాప్తిస్మ పదము. దీని మూలమగు గ్రీకు ధాతువునకు 'ముంచు' అని యర్థము. అనువాదకులు అర్థమును విడిచి ధ్వనిని మాత్రము గ్రహించిరి. ఇది అశక్తత కాదు, జాగ్రత్త. బాప్టిస్టులు బెంగాలీ అనువాదమున 'ముంచు' అను నర్థముగల మాటను వాడగా, 1836లో అమెరికా బైబిలు సంఘము అట్టి ప్రతులకు ధనసహాయము చేయ నిరాకరించెను. ఆ యేడే బాప్టిస్టులు వేఱు సంఘమును స్థాపించుకొనిరి. ముంచువారికి, చిలకరించువారికి గూడ సరిపోవు మాట అర్థము తెలియని మాటయే! జ్ఞానస్నానము అట్లు కాదు. ఇది తమిళ క్రైస్తవులకును పరిచితమైన పదము. స్నానమనగా పాపమును కడుగుట, అనగా నీరు పనిచేయుననుట. ఇందలి జ్ఞానము అద్వైతుల జ్ఞానము కాదు. 'ఆధ్యాత్మికము' అని దాని భావము. బిడ్డకు పూచీపడువారిని 'జ్ఞానతల్లిదండ్రులు' అనుటలోను ఇదే యర్థము.

ఈ భేదము పుస్తకములకే పరిమితము కాలేదు. 1876–78 నాటి కఱవులో ఒంగోలునందలి అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. ఆ దినములలో బాప్తిస్మము కోరివచ్చినవారిని ఆయన ఆపెను. అన్నము కొఱకు చేరిరను మాట రాకూడదని ఆయన తలంపు. కఱవు తీఱిన పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వీరిలో మాదిగలే అధికులు. సంఖ్యను అందఱును చెప్పుకొందురు. మాకు ముఖ్యముగా తోచునది దానికి ముందటి యెడము. ఆకలిచేతను విషూచిచేతను జనులు చనిపోవుచున్న కాలమది. నీరు లేక రక్షణ లేదని నమ్మినవాడు ఒక్కదినమైన ఆగడు. కతోలిక నియమము ప్రకారము ప్రాణాపాయమున ఎవరైనను, క్రైస్తవేతరులు సైతము, సంఘము ఉద్దేశమే తమ ఉద్దేశముగా జ్ఞానస్నాన మీయవచ్చును. క్లౌ ఆగగలిగెననగా, వేచియున్నవారు విశ్వాసముచేత అప్పటికే రక్షింపబడినవారని ఆయన తలంచియుండవలెను. ఆయనకు నీరు గుర్తు. కతోలిక గురువునకు నీరు సాధనము.

నేటి వాడుకలో 'బాప్తిస్మము పొందెను', 'బాప్తిస్మము తీసికొనెను' అను రెండును వినబడుచున్నవి. మొదటిదానిలో మనుజుడు గ్రహీత. రెండవదానిలో అతని సంకల్పము ముందునకు వచ్చును. శిశువులకు బాప్తిస్మ మిచ్చు సంఘములు మొదటిదానిని, పెద్దలకే యిచ్చు సంఘములు రెండవదానిని ఎక్కువగా వాడునేమో యని మా యూహ. పాత సంఘపుస్తకములను, సాక్ష్యములను ఏరి దీనిని తేల్చు పని పరిశోధక విద్యార్థులకు మిగిలియున్నది.