ఒక్క నల్లరాయి, నూట ఇరవై ఏళ్లు

స్టాక్‌హోమ్‌కి ఈశాన్యంగా, బాల్టిక్ సముద్రం అంచున లెక్కకు మిక్కిలి దీవులు. వాటిలో రెసారో దీవి మీద చిన్న పల్లె ఇట్టర్బీ. స్వీడిష్‌లో ఆ మాటకు బయటి ఊరని అర్థం, మన భాషలో చెప్పాలంటే పొలిమేర పల్లె. ఆవర్తన పట్టికలో నాలుగు గళ్లు దాని పేరే మోస్తున్నాయి: ఇట్రియం, టెర్బియం, ఎర్బియం, ఇట్టర్బియం. భూమ్మీద ఇంకే ఊరికీ ఇంత గౌరవం దక్కలేదు.

ఇక్కడి గనిలో మొదట క్వార్ట్జ్, తర్వాత పింగాణీకి కావాల్సిన ఫెల్డ్‌స్పార్ తవ్వారు. 1787లో కార్ల్ ఆక్సెల్ అరీనియస్ అనే సైనికాధికారి కంట ఒక నల్లరాయి పడింది. చూడ్డానికి బొగ్గులా ఉంది, చేతిలోకి తీసుకుంటే మాత్రం మహా బరువు. పగలగొడితే గాజులా విరుగుతుంది, పలచని పెచ్చును వెలుతురుకి పట్టి చూస్తే లోపల గడ్డిపచ్చ! 1794లో రసాయన శాస్త్రవేత్త యోహాన్ గాడోలిన్ దాన్ని విశ్లేషించి, అందులో సుమారు 38 శాతం ఎవరూ ఎరగని పదార్థం ఉందన్నాడు. అదే ఇట్రియా.

అది ఒకటే అనుకున్నారు. 1843లో మొసాండర్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని మూడుగా విడదీశాడు. ఒకటి తెలుపు, ఒకటి పసుపు, ఒకటి గులాబీ. 1878లో మరొకటి బయటపడింది, మరుసటేడు హోల్మియం, థూలియం వచ్చాయి. 1907లో లుటీషియం విడిపోయేసరికి రాయి దొరికి 120 ఏళ్లు.

ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో పరమాణువుల కొలతలు చెబుతాయి. పట్టికలో కిందికి దిగేకొద్దీ పొరలు పెరిగి పరమాణువు పెద్దదవుతుంది. కుడికి నడిచేకొద్దీ కేంద్రకంలో ప్రోటాన్లు పెరిగి, ఎలక్ట్రాన్లను గట్టిగా లాక్కొని చిన్నదవుతుంది. మూడేసి ఎలక్ట్రాన్లు వదులుకున్న ఇట్రియం వ్యాసార్థం 90 పికోమీటర్లు, దాని కింది లాంథనానిది 103. మిల్లీమీటరును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం పికోమీటరు. లాంథనం నుంచి కుడికి 14 అడుగులు వేస్తే లుటీషియం వస్తుంది, అక్కడ వ్యాసార్థం 86. ఆ దారిలో చేరే ఎలక్ట్రాన్లు లోపలి ఎఫ్ ఆర్బిటాళ్లలోకి పోతాయి, కేంద్రకం లాగుడుకు అవి సరిగా అడ్డు నిలవలేవు. దీనికి లాంథనైడ్ సంకోచమని 1925లో భూరసాయన శాస్త్రవేత్త గోల్డ్‌ష్మిట్ పేరు పెట్టాడు.

అడుగుకు ఒక పికోమీటరుకు కాస్త పైగా కుంచించుకుంటూ వెళ్తే, హోల్మియం దగ్గర కొలత మళ్లీ 90కి దిగుతుంది. పై వరుసలోని ఇట్రియానికీ అంతే! స్ఫటికం పెరిగేటప్పుడు తన గూట్లో ఇమిడే అయాను ఏదొచ్చినా చోటిస్తుంది. అలా ఇట్రియంతో పాటు ఆ సైజు వాళ్లందరూ ఒకే రాతిలో చేరిపోయారు, విడదీయడానికి అన్నేళ్లు పట్టింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఇదే.

ఈ సంకోచం ప్రభావం హైదరాబాద్ దాకా ఉంది. లాంథనైడ్ల తర్వాత వచ్చే హాఫ్నియం కుంచించుకుపోయి, తన పైనున్న జిర్కోనియంతో సమానమైంది. లోహంగా ఒకటి 159 పికోమీటర్లు, ఇంకొకటి 160. అందుకే 1923 దాకా హాఫ్నియం జిర్కోనియం చాటునే దాక్కుంది. ఈసీఐఎల్ ప్రాంతంలోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో ఇంధన గొట్టాలకు జిర్కోనియం వాడతారు. హాఫ్నియం న్యూట్రాన్లను మింగేస్తుంది గనక ద్రావణులతో పనిగట్టుకుని వేరుచేయాల్సిందే. జిర్కోనియానికి మూలమైన జిర్కాన్ ఖనిజం మన భీమిలి ఇసుకలోనూ ఉంది.

ఇట్టర్బీ గని 1933లో మూతపడింది. తర్వాత కొన్నాళ్లు సైన్యం అందులో ఇంధనం దాచుకుంది. స్టాక్‌హోమ్ నుంచి బస్సులో చేరుకోవచ్చు. చుట్టుపక్కల వీధుల పేర్లలోనూ మూలకాలు కనిపిస్తాయి. గని లోపలికి దారి లేదు. బయట రాతిగోడకు 1989లో బిగించిన ఫలకం ఉంది, చుట్టూ లేత గులాబీ ఫెల్డ్‌స్పార్ ముక్కలు. చూసి రావడమే, రాళ్లు ఏరుకోకూడదు.