శరీరం నుంచి వేరు చేసినా కొట్టుకునే గుండె: ల్యాబుల్లో ఏం చేస్తారు? మనకేం ఉపయోగం?

బక్రీద్ రోజు ఖుర్బానీ అయ్యాక మాంసం ముక్కలు కాసేపు అదరడం మనలో చాలామంది చూసే ఉంటారు. "ఇంకా ప్రాణం ఉందా?" అని పిల్లలు అడుగుతారు కూడా. ప్రాణం పోయినా కండరంలోని కణాలు కొద్దిసేపు పనిచేస్తూనే ఉంటాయి. గుండె సంగతి ఇంకా విచిత్రం. సరైన ద్రవం, ఆక్సిజన్, వెచ్చదనం అందిస్తే అది శరీరం లేకుండానే కొన్ని గంటలపాటు కొట్టుకోగలదు. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ నుంచి గుండె మార్పిడి దాకా మనకు అందుతున్న ఎన్నో వాటి వెనుక ఈ ఒక్క విషయం ఉంది.

మెదడు చెప్పకపోయినా ఎలా కొట్టుకుంటుంది?

గుండెను నడిపేది మెదడు అని చాలామంది అనుకుంటారు. నిజానికి గుండెకు సొంత కరెంటు ఉంది. కుడివైపు పై గదిలో సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ దీన్ని గుర్తించారు. కొట్టుకోమనే సంకేతం అక్కడే పుడుతుంది. మెదడు నుంచి వచ్చే నరాలు వేగాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి, అంతే. గుండె మార్పిడిలో నరాలన్నీ తెగిపోయినా కొత్త గుండె కొట్టుకునేది అందుకే.

కుళాయి నీళ్లు చెప్పిన రహస్యం

జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ లుడ్విగ్ ల్యాబులో 1866లో ఎలియాస్ సియోన్ కప్ప గుండెను వేరు చేసి పనిచేయించాడు. కప్పతో పని సులువు. దాని గుండె కండరానికి, లోపల నిండిన రక్తం నుంచే పోషణ అందుతుంది.

ఆ తర్వాత లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టర్ ఉప్పు నీళ్లతో కప్ప గుండెను కొట్టుకునేలా చేశాడు. ఫలితాలు బాగా వచ్చాయి. కానీ ఆ ద్రావణాన్ని శుద్ధి చేసిన నీటితో కాకుండా కుళాయి నీటితో కలిపారని తర్వాత తెలిసింది. శుద్ధమైన నీటితో మళ్లీ చేస్తే గుండె ఆగిపోయింది. తేడా ఎక్కడుంది? కుళాయి నీటిలోని కాల్షియంలో. గుండె ముడుచుకోవాలంటే కాల్షియం తప్పనిసరి అని 1883లో ఆయన ప్రకటించాడు. ఈరోజు విరేచనాలతో నీరసించినవాళ్లకు ఎక్కించే ఆర్‌ఎల్ బాటిల్, అంటే రింగర్ లాక్టేట్, ఆయన పేరుతోనే ఉంది.

లాంగెన్‌డార్ఫ్ పద్ధతి

క్షీరదాల గుండెతో ఇది అంత తేలిక కాదు. దాని కండరానికి కరోనరీ రక్తనాళాల ద్వారానే ఆహారం అందాలి. జర్మనీలోని రోస్టాక్‌కు చెందిన ఆస్కార్ లాంగెన్‌డార్ఫ్ 1895లో దీనికి దారి చూపించాడు. ద్రవాన్ని మామూలు దారిలో కాకుండా వెనక నుంచి, అంటే బృహద్ధమని గుండా, గుండె వైపు పంపాడు. ఆ ఒత్తిడికి అక్కడి కవాటం మూసుకుంటుంది. ఇక ద్రవానికి వేరే దారి లేక కరోనరీ నాళాల్లోకి వెళ్లి కండరానికి పోషణ ఇస్తుంది.

ఇప్పటికీ ల్యాబుల్లో చేసేది దాదాపు ఇదే. ముందు ఎలుకకు పూర్తిగా మత్తు ఇస్తారు. రక్తం గడ్డ కట్టకుండా హెపారిన్ ఇస్తారు. గుండెను తీసి వెంటనే చల్లని ద్రావణంలో వేస్తారు. కొద్ది నిమిషాల్లోనే బృహద్ధమనికి గొట్టం బిగించాలి, ఆలస్యమైతే కండరం దెబ్బతింటుంది. తర్వాత ఉప్పులు, గ్లూకోజ్, కాల్షియం కలిపిన ద్రవాన్ని 37 డిగ్రీల వేడితో పంపుతారు. ఆ ద్రవంలోకి 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గాలి వదులుతుంటారు. ఎడమ జఠరికలో చిన్న బుడగ పెట్టి ప్రతి స్పందన బలాన్ని కొలుస్తారు.

అయితే ఈ పద్ధతిలో గుండె ఖాళీగానే కొట్టుకుంటుంది, దేన్నీ పంపు చేయదు. ఆ లోటు తీర్చడానికి 1967లో జేమ్స్ నీలీ బృందం ఇంకో ఏర్పాటు చేసింది. ఎడమ పై గదిలోకి ద్రవం పంపితే గుండె దాన్ని మామూలుగానే బయటికి తోస్తుంది. దీన్ని పనిచేసే గుండె పద్ధతి అంటారు.

దీంతో ఏం తెలిసింది?

1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఆటో లోవీ ఒక కప్ప గుండెకు వెళ్లే నరాన్ని ప్రేరేపించి దాన్ని నెమ్మదింపజేశాడు. ఆ గుండెలోని ద్రవం రెండో గుండెకు ఇస్తే అదీ నెమ్మదించింది. నరాలు రసాయనాల ద్వారా మాట్లాడతాయని అలా తేలింది. 1936లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

హార్ట్ ఎటాక్‌నూ ఇలాగే పరిశీలిస్తారు. కొంతసేపు ద్రవం ఆపి, మళ్లీ వదులుతారు. తర్వాత ఒక రంగు వేస్తే బతికున్న కండరం ఇటుక ఎరుపుకు మారుతుంది, చచ్చిన భాగం పాలిపోయి ఉంటుంది. ఏ మందు ఎంత కండరాన్ని కాపాడిందో కంటితోనే చూడొచ్చు.

కొత్త మందు గుండె లయను చెడగొడుతుందా అన్నదీ చూస్తారు. అలర్జీకి వాడిన టెర్ఫెనడిన్ అనే మాత్ర కొన్ని యాంటీబయాటిక్, ఫంగస్ మందులతో కలిసినప్పుడు ప్రమాదకరంగా గుండె లయ తప్పించేది. 1998లో దాన్ని అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. ఇలాంటి పరీక్షలకు ఎలుక పనికిరాదు, దాని గుండెలో విద్యుత్ తీరు మనిషికి భిన్నం. కుందేలు, గినీ పిగ్ గుండెలు వాడతారు.

జంతువుల ప్రాణం సంగతేంటి?

ఈ ప్రశ్న తప్పక అడగాల్సిందే. జంతువు మత్తులో ఉంటుంది, నొప్పి తెలియదు. కానీ ప్రాణం మాత్రం పోతుంది. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కేంద్ర కమిటీ ఉంది. ప్రతి సంస్థలోని నైతిక కమిటీ అనుమతి లేకుండా ప్రయోగం చేయకూడదు. వేరే మార్గం ఉందా, తక్కువ జంతువులతో అవుతుందా, బాధ తగ్గించగలమా అన్నవి ముందే చూపించాలి. 2023లో సవరించిన ఔషధ నిబంధనలు మనిషి కణాలతో చేసే పరీక్షలకు కూడా దారి తెరిచాయి.

పైగా ఈ పద్ధతికి హద్దులున్నాయి. గొట్టానికి వేలాడే గుండెకు రక్తం లేదు, నరాలు లేవు, హార్మోన్లు లేవు. గంటలు గడిచేకొద్దీ ఉబ్బుతుంది, బలం తగ్గుతుంది. అక్కడ పనిచేసిన మందు మనిషిలో పనిచేస్తుందని గ్యారంటీ లేదు.

ల్యాబు నుంచి ఆస్పత్రికి

దానం చేసిన గుండెను ఐస్‌లో పెడితే సుమారు నాలుగు గంటలే సమయం. అందుకే 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ మెట్రో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా మధ్యలో ఆగకుండా ఒక గుండెను తీసుకెళ్లింది. లాంగెన్‌డార్ఫ్ చూపిన దారిలోనే ఇప్పుడు యంత్రాలు వచ్చాయి. బృహద్ధమని గుండా వెచ్చని రక్తం పంపి, ప్రయాణంలోనూ గుండెను కొట్టుకునేలా ఉంచుతాయి. 2014లో సిడ్నీ సెయింట్ విన్సెంట్స్ ఆస్పత్రి వైద్యులు, దాత శరీరంలో ఆగిపోయిన గుండెలను ఇలాంటి యంత్రంపై మళ్లీ కొట్టుకునేలా చేసి రోగులకు అమర్చారు.

ఇందులో మన ఇళ్లకు పనికొచ్చే మాట ఒకటుంది. ఒక్కో మందు విడిగా మంచిదే కావచ్చు, రెండు కలిస్తే గుండె లయ తప్పొచ్చు. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్తే బీపీ, షుగర్ మాత్రలతో పాటు మెడికల్ షాపులో సొంతంగా కొన్నవి, హకీం సాబ్ ఇచ్చినవి కూడా దాచకుండా చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్ల మందుల చీటీ ఒకటి రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది.