నరిటా - హనెడా విమానాశ్రయాల మధ్య ప్రయాణం

జపాన్ రాజధాని టోక్యో మహానగరానికి రెండు ప్రధాన విమానాశ్రయాలు కలవు. మొదటిది నగరానికి దక్షిణాన, టోక్యో అఖాతం ఒడ్డున ఉన్న హనెడా విమానాశ్రయం. రెండవది నగరానికి తూర్పున, చీబా ప్రిఫెక్చర్‌లో ఉన్న నరిటా విమానాశ్రయం. హనెడా టోక్యో నడిబొడ్డు నుండి సుమారు 15 కి.మీ. దూరంలోను, నరిటా సుమారు 60 కి.మీ. దూరంలోను ఉన్నాయి. రెండింటి మధ్య సరళరేఖలో దూరం సుమారు 60 కి.మీ. కాగా రోడ్డు మీద, పట్టాల మీద అంతకంటె ఎక్కువ దూరం పయనించవలసి ఉంటుంది. ఒక విమానాశ్రయంలో దిగి మరొక విమానాశ్రయంలో విమానం ఎక్కవలసిన ప్రయాణికులు ఈ దూరాన్ని రైలు, బస్సు లేదా టాక్సీ ద్వారా దాటుతారు. ఇందుకు సాధారణంగా గంటంపావు నుండి రెండు గంటల సమయం పడుతుంది. అయితే విమానం దిగినప్పటి నుండి తిరిగి విమానం ఎక్కే వరకు పట్టే మొత్తం కాలం దీనికి రెండింతలకు పైగా ఉంటుంది.

నేపథ్యం

హనెడా విమానాశ్రయం 1931లో ప్రారంభమైనది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత ఇది అమెరికా సేనల అధీనంలోకి వెళ్ళి, 1952లో పాక్షికంగాను, 1958లో పూర్తిగాను జపాన్‌కు తిరిగి దక్కినది. 1960వ దశకంలో జెట్ విమానాల రాకపోకలు పెరగటంతో హనెడా చాలదని ప్రభుత్వం నిర్ణయించి, 1966లో నరిటా సమీపాన సన్‌రిజుకా ప్రాంతాన్ని కొత్త విమానాశ్రయానికి ఎంపిక చేసినది. తమను సంప్రదించకుండానే భూములు తీసుకుంటున్నారని అక్కడి రైతులు తిరగబడ్డారు. విద్యార్థి సంఘాలు వారికి తోడైనాయి. ఈ పోరాటంలో ఇరుపక్షాలా ప్రాణనష్టం జరిగినది. 1978 మార్చి 26న ఆందోళనకారులు నియంత్రణ గోపురంలోకి చొరబడి పరికరాలను ధ్వంసం చేయటంతో, ఆ నెల 30న జరగవలసిన ప్రారంభం మే 20కి వాయిదా పడినది.

నాటి నుండి దాదాపు మూడు దశాబ్దాల పాటు "అంతర్జాతీయ విమానాలకు నరిటా, దేశీయ విమానాలకు హనెడా" అన్న విభజన అమలులో ఉన్నది. తైవాన్‌కు చెందిన చైనా ఎయిర్‌లైన్స్ మాత్రం 2002 వరకు హనెడా నుండే నడిచినది. విదేశాల నుండి వచ్చి జపాన్‌లోని మరొక నగరానికి వెళ్ళేవారిలో అనేకులు ఒక విమానాశ్రయం నుండి మరొకదానికి మారవలసి రావటానికి ఈ విభజనే మూలకారణం. 2010 అక్టోబరులో హనెడాలో నాలుగవ రన్‌వే, కొత్త అంతర్జాతీయ టెర్మినల్ ప్రారంభమై, దూరదేశాల విమానాలు తిరిగి హనెడాకు రాసాగాయి. దీనితో పాత విభజన చెరిగిపోయినది గాని రెండింటి మధ్య ప్రయాణించవలసిన అవసరం తీరలేదు. ఒకే విదేశీ నగరం నుండి కొన్ని విమానాలు నరిటాకు, కొన్ని హనెడాకు వస్తున్నందున, టికెట్టుపై "టోక్యో" అని మాత్రమే చూచి రెండూ ఒకే చోటు అనుకొనే ప్రమాదం ఇప్పుడు ఎక్కువైనది. టికెట్టుపై ఉండే మూడక్షరాల సంకేతం (నరిటాకు ఎన్‌ఆర్‌టీ, హనెడాకు హెచ్‌ఎన్‌డీ) చూచుకొనుట అవసరం.

రైలు మార్గం

రెండు విమానాశ్రయాల మధ్య బండి మారకుండా ప్రయాణించగల రైళ్ళు ఉన్నాయి. ఇవి ఒకే సంస్థ పట్టాలపై నడిచేవి కావు. హనెడా వైపున కేయిక్యూ అను ప్రైవేటు రైల్వే, నగరం నడుమ టోక్యో మహానగర ప్రభుత్వానికి చెందిన అసకుసా భూగర్భ రైలు మార్గం, నరిటా వైపున కేయిసేయి అను మరొక ప్రైవేటు రైల్వే ఉన్నాయి. రైలు సెంగాకుజి స్టేషను వద్ద కేయిక్యూ పట్టాల నుండి భూగర్భ మార్గానికి, ఒషియాగె స్టేషను వద్ద అక్కడి నుండి కేయిసేయి పట్టాలకు మారుతుంది. ఈ సరిహద్దు స్టేషన్లలో డ్రైవరు, గార్డు దిగిపోయి తరువాతి సంస్థ సిబ్బంది ఎక్కుతారు. ప్రయాణికులు మాత్రం కూర్చున్న చోటు నుండి కదలనక్కరలేదు.

ఇది సాధ్యపడటానికి కారణం పట్టాల గేజి. జపాన్‌లో ప్రభుత్వ రైల్వేల నుండి ఏర్పడిన జేఆర్ సంస్థల సాధారణ మార్గాల గేజి 1,067 మి.మీ. కేయిక్యూది 1,435 మి.మీ. కేయిసేయిది మొదట ఈ రెండూ కాక 1,372 మి.మీ. ఉండేది. భూగర్భ మార్గంతో కలియటం కోసం కేయిసేయి సంస్థ 1959లో, రైళ్ళను పూర్తిగా నిలిపివేయకుండా, భాగాలు భాగాలుగా తన పట్టాలన్నింటినీ 1,435 మి.మీ.కు మార్చుకొన్నది. 1960 డిసెంబరులో కేయిసేయి రైళ్ళు భూగర్భ మార్గంలోకి ప్రవేశించాయి. జపాన్‌లో ఒక భూగర్భ మార్గం, ఒక శివారు ప్రైవేటు రైల్వే ఒకరి పట్టాలపై మరొకరు బండ్లు నడుపుకొనటం ఇదే మొదటిసారి. 1968లో కేయిక్యూ కూడా ఇందులో చేరినది. అప్పటికి నరిటా విమానాశ్రయం ఇంకా కట్టలేదు. శివారు ఉద్యోగుల సౌకర్యం కోసం వేసిన ఈ లంకెయే తరువాతి కాలంలో రెండు విమానాశ్రయాలను కలిపే మార్గమైనది. 1998 నవంబరులో కేయిక్యూ మార్గం హనెడా టెర్మినళ్ళ వరకు చేరటంతో ఈ గొలుసు పూర్తి అయినది.

నరిటా వైపు రైలు చరిత్ర ఇంత సాఫీగా సాగలేదు. టోక్యో నుండి నరిటాకు షింకన్‌సెన్ వేగ రైలు మార్గం వేయటానికి 1974లో పనులు మొదలై, దారి పొడవునా ఎదురైన వ్యతిరేకత వలన 1980వ దశకంలో ఆగిపోయినవి. టెర్మినల్ అడుగున దానికోసం కట్టిన స్టేషను ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నది. 1978లో వచ్చిన కేయిసేయి స్టేషను టెర్మినల్‌కు దూరంగా ఉన్నందున ప్రయాణికులు అక్కడి నుండి బస్సు ఎక్కవలసి వచ్చేది. 1991 మార్చిలో జేఆర్, కేయిసేయి మార్గాలు రెండూ ఆ ఖాళీ స్టేషనులోకి ప్రవేశించిన తరువాతనే రైలు నేరుగా టెర్మినల్ కిందికి వచ్చినది. 2010 జూలైలో ప్రారంభమైన నరిటా స్కై యాక్సెస్ మార్గం కొంత మేర షింకన్‌సెన్ కోసం కేటాయించిన స్థలంలోనే సాగుతుంది.

నేరు రైళ్ళలో ప్రయాణ కాలం సుమారు గంటన్నర నుండి గంటా యాభై నిమిషాలు. 2024 నాటికి చార్జీ రెండు వేల యెన్‌ల లోపు ఉన్నది. ముందుగా సీటు కేటాయింపు ఉండదు. ఉదయం, సాయంత్రం ఉద్యోగుల రద్దీ వేళల్లో పెద్ద పెట్టెలతో నిలబడి ప్రయాణించటం కష్టం. ఈ మార్గంలో గమనించవలసిన అంశాలు:

* నరిటా నుండి వచ్చే రైళ్ళన్నీ హనెడాకు పోవు. కొన్ని నగరంలోనే ఆగిపోతాయి, కొన్ని కేయిక్యూ పట్టాలపై మియురా ద్వీపకల్పం వైపు వెళతాయి. బండిపై రాసిన గమ్యాన్ని చూచి ఎక్కవలెను.
* నరిటాకు కేయిసేయి రైళ్ళు రెండు దారులలో వెళతాయి. స్కై యాక్సెస్ మార్గం వేగమైనది, చార్జీ కొంత ఎక్కువ. పాత ప్రధాన మార్గం నెమ్మదైనది.
* హనెడాలో 3వ టెర్మినల్‌కు ఒక స్టేషను, 1, 2 టెర్మినళ్ళకు కలిపి మరొక స్టేషను ఉన్నాయి. నరిటాలో 1వ టెర్మినల్‌కు ఒకటి, 2, 3 టెర్మినళ్ళకు కలిపి ఒకటి ఉన్నాయి. చౌక విమానాల కోసం 2015లో తెరచిన నరిటా 3వ టెర్మినల్ అడుగున స్టేషను లేదు. 2వ టెర్మినల్ నుండి నడచి గాని బస్సులో గాని చేరుకోవాలి.

నేరు రైలు అందనప్పుడు బండ్లు మారి కూడా వెళ్ళవచ్చును. నరిటా నుండి గంటకు 160 కి.మీ. వేగం వరకు నడిచే స్కైలైనర్ రైలు 2వ టెర్మినల్ స్టేషను నుండి నిప్పోరి స్టేషనుకు కనిష్ఠంగా 36 నిమిషాలలో చేరుతుంది. అక్కడి నుండి జేఆర్ యమనోతె మార్గంలో హమామత్సుచో చేరి, 1964లో టోక్యో ఒలింపిక్స్ ముందు ప్రారంభమైన మోనోరైలులో హనెడాకు పోవచ్చును. జేఆర్ వారి నరిటా ఎక్స్‌ప్రెస్‌లో షినగావా చేరి అక్కడ కేయిక్యూ రైలు ఎక్కుట మరొక దారి.

బస్సు, టాక్సీ

రెండు విమానాశ్రయాల మధ్య లిమోసిన్ బస్సులు నడుస్తాయి. ఇవి నగరం నడిబొడ్డుకు పోకుండా అఖాతం అంచున సాగే వాంగన్ ఎక్స్‌ప్రెస్ రహదారి మీదుగా, ఆపైన తూర్పు కాంటో ఎక్స్‌ప్రెస్ రహదారి మీదుగా వెళతాయి. రద్దీ లేనప్పుడు గంటంపావు లోపునే చేరుతాయి. చార్జీ రైలుకంటె దాదాపు రెండింతలు. అయితే పెట్టెలను సిబ్బందే బస్సు అడుగు అరలో పెడతారు, ప్రతి టెర్మినల్ గుమ్మం వద్ద ఎక్కి దిగవచ్చును, సీటు తప్పక దొరుకుతుంది. వృద్ధులకు, చిన్నపిల్లలతో ప్రయాణించేవారికి ఇది అనువైనది. రోడ్డు ప్రమాదాలు, రద్దీ వలన ఆలస్యమయ్యే అవకాశం మాత్రం రైలుకంటె బస్సుకు ఎక్కువ. టాక్సీ కూడా ఇదే దారిన పోతుంది. చార్జీ ఇరవై వేల యెన్‌లకు పైమాటే కనుక, రాత్రి వేళ మరి గత్యంతరం లేనప్పుడు మాత్రమే దీనిని ఆశ్రయిస్తారు.

వీసా, సామాను, సమయం

ఈ రెండు విమానాశ్రయాలను లోపలి నుండి కలిపే మార్గమేదీ లేదు. కనుక విదేశం నుండి ఒకదానిలో దిగి మరొకదాని నుండి ఇంకొక దేశానికి పోయే ప్రయాణికుడు చట్టరీత్యా జపాన్‌లోకి ప్రవేశించి, తిరిగి నిష్క్రమించినట్లే. భారతీయ పాస్‌పోర్టు గలవారికి ఇందుకు సాధారణంగా వీసా అవసరం. ఒకే విమానాశ్రయంలో విమానం మారేవారికి ఈ అవసరం రాకపోవచ్చును. ఈ తేడా తెలియక టోక్యో మీదుగా అమెరికాకు టికెట్టు కొన్నవారిని బయలుదేరిన చోటనే విమానం ఎక్కనివ్వకపోయే అవకాశం ఉన్నది. మార్గమధ్య ప్రయాణికులకు తాత్కాలిక ప్రవేశ అనుమతి ఇచ్చే పద్ధతి జపాన్ చట్టంలో ఉన్నా, అది అధికారుల విచక్షణపై ఆధారపడినది కనుక దానిని నమ్ముకొని బయలుదేరరాదు.

సామాను కూడా ఒక విమానాశ్రయం నుండి మరొకదానికి దానంతట అది చేరదు. మొదటి చోట తీసుకొని, కస్టమ్స్ తనిఖీ దాటించి, వెంట తీసుకుపోయి, రెండవ చోట తిరిగి అప్పగించాలి. విమానం దిగి ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ పూర్తగుటకు గంట, రైలు లేదా బస్సు కోసం ఎదురుచూచుటకు అరగంట, ప్రయాణానికి గంటన్నర, రెండవ చోట కౌంటరు మూయకముందే చేరి భద్రతా తనిఖీ దాటుటకు గంటన్నర చొప్పున లెక్కించినా నాలుగున్నర గంటలు అవుతుంది. మొదటి విమానం ఆలస్యమైతే ఇదీ చాలదు. రెండు విమానాలకు వేరువేరు టికెట్లు కొన్నప్పుడు, తప్పిపోయిన విమానానికి మొదటి సంస్థ బాధ్యత వహించదు.

నరిటాలో అర్ధరాత్రి నుండి ఉదయం 6 గంటల వరకు సాధారణంగా విమానాలు ఎగరవు. హనెడా ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. కాని టోక్యో రైళ్ళు అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి ఆగి, తిరిగి తెల్లవారుజామున 5 గంటల ప్రాంతంలో మొదలవుతాయి. అందుచేత రాత్రి పొద్దుపోయి హనెడాలో దిగి మరునాటి ఉదయం నరిటాలో విమానం ఎక్కేవారు ఆ రాత్రి బసను ముందే చూచుకొనుట మంచిది.

అంతరాయాలు

ఈ ప్రయాణం పట్టాలు, రోడ్ల మీదనే ఆధారపడి ఉన్నందున తుఫానులు, భూకంపాలు, మంచు కురియుట దీనిని స్తంభింపజేస్తాయి. 2019 సెప్టెంబరు 9న ఫాక్సాయ్ తుఫాను చీబా ప్రిఫెక్చర్‌ను తాకినప్పుడు నరిటాకు రైళ్ళు, బస్సులు నిలిచిపోయాయి. తుఫాను దాటిన తరువాత విమానాలు దిగుతూనే ఉన్నాయి, కాని దిగినవారు బయటకు పోయే దారి లేకపోయినది. ఆ రాత్రి సుమారు 13,000 మంది టెర్మినళ్ళలోనే గడిపారు. నగరానికి దూరాన కట్టిన విమానాశ్రయానికి అక్కడికి చేర్చే దారులే ప్రాణమని ఈ ఘటన వెల్లడించినది.

ప్రతిపాదనలు

అసకుసా మార్గానికి బదులుగా టోక్యో స్టేషను సమీపం నుండి కొత్త సొరంగ మార్గం వేసి రెండు విమానాశ్రయాల మధ్య ప్రయాణాన్ని గంట లోపునకు తగ్గించాలన్న ప్రతిపాదన చాలాకాలంగా ఉన్నా నిర్మాణం మొదలు కాలేదు. నగరం నుండి హనెడాకు జేఆర్ తూర్పు సంస్థ వేస్తున్న కొత్త రైలు మార్గం పనులు 2023లో ప్రారంభమైనవి. నరిటాలో మూడవ రన్‌వే నిర్మాణం సాగుతున్నది.

భారతదేశంతో పోలిక

హైదరాబాదు, బెంగళూరు నగరాలలో 2008లో కొత్త విమానాశ్రయాలు ప్రారంభమైనప్పుడు బేగంపేట, హెచ్‌ఏఎల్ పాత విమానాశ్రయాలలో సాధారణ ప్రయాణికుల విమానాలను నిలిపివేశారు. అందువలన అక్కడి ప్రయాణికులకు విమానాశ్రయం మారవలసిన సమస్య ఏర్పడలేదు. ముంబైలో 2025 డిసెంబరులో నవీ ముంబై విమానాశ్రయం నుండి విమానాలు మొదలైన తరువాత పాతది కూడా కొనసాగుతున్నది. కాబట్టి ముంబై మీదుగా విమానం మారేవారు కూడా తమ టికెట్టుపై విమానాశ్రయం పేరును సరిచూచుకొనవలసి ఉన్నది.