కోటగోడలో రావి, తోటలో రసం

మాఘమాసపు తెల్లవారుజామున నూజివీడు ఎర్రనేల మీద మంచు పల్చటి పాలమీగడలా పరుచుకుంటుంది. ఆ తెల్లదనంలోంచి ముదురాకుపచ్చ మామిడి గుబుర్లు ఒక్కటొక్కటే తేలివస్తాయి. కొమ్మకొమ్మకూ లేతపసుపులో ఎర్రజీర కలిసిన పూత. ఎండపొడ తగలగానే వగరూ తీపీ కలిసిన మత్తువాసన గుప్పున లేస్తుంది. జుమ్మని ఈగలు మూగుతాయి. గుత్తికి వందల పూలు. పిందెగా నిలిచేవి ఒకటో రెండో!

ఈ తోటల నడిమి ఊళ్లోనే మేకా వంశపు జమీందారులైన అప్పారావుల కోట. 18వ శతాబ్ది చివర ఈస్టిండియా కంపెనీ సేనలు ముట్టడించి పట్టుకున్న కోట ఇది. గార రాలిన ఏ పాతగోడ దగ్గరైనా కాసేపు ఆగి చూడండి. నెర్రెలో జానెడు రావిమొలక, ఏ గోరువంకో తిని విడిచిన గింజ. రాగిరంగు లేతాకులు, సన్నటి తోకల్లాంటి కొనలు, చిరుగాలికే గలగల. కిందికి దిగిన తెల్లటి వేరు దారప్పోగంతే. పాతసున్నంలో దాగిన తడిని తడుముకుంటూ ఇటుకకీ ఇటుకకీ నడుమ మెత్తగా దూరుతుంది. ఫిరంగి మొదలుపెట్టిన పనిని చప్పుడు లేకుండా పూర్తిచేస్తుంది.

ఒకప్పుడిక్కడ నువ్వుచేను ఉండేదట. తెలుపులో గులాబీఛాయ తిరిగిన పూలగంటల మధ్య ఓ మేక తోడేలుకు ఎదురునిలిచిందట. ఆ నేల పౌరుషానికి అబ్బురపడి వంశమూలపురుషుడు కోట కట్టాడనీ, నువ్వుచెట్ల వీడే నూజివీడైందనీ ఐతిహ్యం. దగ్గర్లోని ఆగిరిపల్లి కొండ మీద కొలువైన శోభనాచలపతి పేరు ఈ వంశంలో శోభనాద్రి అప్పారావులుగా మళ్లీ మళ్లీ పూసింది.

1802 నాటి శాశ్వత శిస్తు బందోబస్తుతో సంస్థానం నిడదవోలు, నూజివీడుగా చీలింది. తర్వాత అన్నదమ్ముల వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఆస్తిని పంచవచ్చని తీర్పొచ్చింది. ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు... ఎవరి వాటా వారిది. 1948 చట్టం జమీందారీలనే తుడిచేసింది. మరుసటేడే మీర్జాపురం రాజా తీసిన ‘కీలుగుర్రం’ వెండితెర మీద ఎగిరింది. నేల చేజారినా ఆకాశం మిగిలింది మరి!

తోటలో మాత్రం పంపకం తీరు వేరు. చిన్నరసం చెట్టు నుంచి చిటికెనవేలంత పుల్ల కోసి మరో మొక్కకు అంటుకడతారు. ఆ పుల్ల చిగురించి కాసిన కాయలో అదే తోలు, అదే పీచు, అదే తీపి. పంచినకొద్దీ సంస్థానం తరిగింది. పంచినకొద్దీ రసం పెరిగింది.

వైశాఖంలో మాగిన పండును అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, తొలి సొన పిండేసి నోటికి పెట్టుకుంటే మోచేతి దాకా బంగారుధార. అది ఏ వాటాదారు తోటదో నాలుక అడగదు.