తెల్లవారుజామున సైకిలెక్కే ముందు ఏం తినాలి? ఎందుకు?

హైదరాబాద్ నుంచి అనంతగిరి కొండల దాకా సైకిల్ మీద వెళ్లాలని ఉదయం అయిదింటికే బయలుదేరుతున్నారనుకోండి. ఖాళీ కడుపుతో వెళ్లొచ్చా? వద్దు. మనం నిద్రపోయినా మెదడు పని ఆపదు. రాత్రంతా దానికి కావలసిన గ్లూకోజును కాలేయం తన నిల్వలోంచి ఇస్తూనే ఉంటుంది. గ్లైకోజెన్ రూపంలో దాచుకునే ఆ నిల్వ సుమారు 100 గ్రాములే. తెల్లారేసరికి చాలావరకు తరిగిపోతుంది. కండరాల్లో అంతకన్నా ఎక్కువ గ్లైకోజెన్ ఉంటుంది గానీ, కండరం దాన్ని తన పనికే వాడుకుంటుంది, రక్తంలోకి వదలదు. అందుకే ఏమీ తినకుండా గంటల తరబడి తొక్కితే కళ్లు తిరుగుతాయి, కాళ్లు వణుకుతాయి.

మరి ఏం తినాలి? నా ఓటు ఇడ్లీకే. పులిసిన పిండి, ఆవిరి మీద ఉడికింది, నూనె లేదు, తేలిగ్గా అరుగుతుంది. పూరీ, వడ మాత్రం వద్దు. నూనె ఎక్కువైతే తిన్నది చాలాసేపు పొట్టలోనే ఉండిపోతుంది. రెండు గంటల ముందు లేవగలిగితే మూడు నాలుగు ఇడ్లీలు తినండి. లేవలేకపోతే అరగంట ముందు బాగా మగ్గిన అరటిపండు, గ్లాసు నీళ్లు చాలు. అలాగని ముందురోజు రాత్రి అన్నం మానకండి, కండరాల నిల్వ నిండేది దానితోనే. దారిలోనూ గంటకోసారి అరటిపండో, నాలుగు ఖర్జూరాలో తింటూ ఉండాలి.